కనుగొన్నదేమిటో ముందు చెప్పండి

(యువ పరిశోధకుల కోసం ఏర్పాటు చేసిన ఒక శిక్షణ కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది కొద్ది నెలల్లో మొదటిసారి ఒక సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్, అంటే తమ పరిశోధన పత్రానికి చిన్న సారాంశం, పంపబోతున్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా, కూర్చుని రాయబోయే మనిషికి పనికొచ్చే మాటలే చెబుతాను.

నా మొదటి అబ్‌స్ట్రాక్ట్ సంగతితో మొదలుపెడతాను. అందులో పన్నెండు వాక్యాలున్నాయి. మొదటి ఎనిమిది వాక్యాలూ నా విషయం ఎంత ముఖ్యమైందో చెప్పడానికే సరిపోయాయి. తర్వాత మూడు వాక్యాల్లో డేటా ఎలా సేకరించానో రాశాను. చివరి వాక్యం: 'ఫలితాలు సదస్సులో చర్చించబడతాయి.' దాన్ని తిరస్కరించారు. సమీక్షకుల నుంచి వచ్చింది ఒకే ఒక్క వాక్యం. 'ఈ రచయిత ఏం కనుగొన్నారో నాకు తెలియలేదు' అని.

ఆ వాక్యం చదివి చాలా బాధపడ్డాను. ఎందుకంటే ఫలితం నా దగ్గర ఉంది. పద్నాలుగు నెలలు కష్టపడి తేల్చిన ఫలితం నా నోట్‌బుక్‌లో ఉంది. దాన్ని నేనే దాచిపెట్టి, దాని చుట్టూ ఉన్నదంతా పంపాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లుగా వేరేవాళ్ల అబ్‌స్ట్రాక్ట్‌లు సమీక్షిస్తున్నాను. ఇప్పటికీ నాకు కనిపించే తప్పుల్లో మొదటిది ఇదే. మంచి పని చేసినవాళ్లు, నెలల తరబడి నిద్ర మానుకుని పనిచేసినవాళ్లు, ఆ పనిలో తేలిందేమిటో ఒక్క వాక్యంలో చెప్పకుండా వదిలేస్తున్నారు. ఈరోజు నేను ఇంకేం చెప్పినా దీని చుట్టూనే తిరుగుతుంది.

మనం ఎందుకిలా రాస్తాం? నేను చాలా ఆలోచించాను. ఒక కారణం వినయం. 'నేను ఇది కనుక్కున్నాను' అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందేమోనన్న సంకోచం. ఇంకో కారణం భయం. స్పష్టంగా చెబితే ఎవరో తప్పు పడతారు, అస్పష్టంగా ఉంటే ఎవరూ ఏమీ అనలేరు. మూడోది, కథ చెప్పే అలవాటు. అసలు విషయం చివరిదాకా దాచి, అప్పుడు విప్పితే వినేవాళ్లకు రుచిగా ఉంటుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కథకు అది అందమే. కానీ ముందు కూర్చున్న సమీక్షకుడికి ఆ సాయంత్రం ఇంకో ఇరవయ్యో ముప్పయ్యో అబ్‌స్ట్రాక్ట్‌లు చదవాల్సి ఉంటుంది. ఆయన శత్రువు కాదు. తన పని పక్కన పెట్టి, సాధారణంగా పైసా తీసుకోకుండా మీది చదువుతున్న మనిషి. ఆయన మనసులో ఉండే ప్రశ్నలు నాలుగైదే. ఏమిటి సమస్య? వీళ్లేం చేశారు? ఏం తేలింది? దాన్ని నమ్మవచ్చా? మా సదస్సుకు వచ్చేవాళ్లకు ఇది పనికొస్తుందా? వీటికి జవాబు దొరకకపోతే ఆయన వెతకడు. వెతికేంత సమయం ఆయనకు లేదు.

ఉదాహరణ చూద్దాం. ఇది పూర్తిగా నేను ఊహించి చెబుతున్నది, అంకెలు కూడా కల్పించినవే. ఒక పరిశోధకురాలు ఆస్పత్రిలో రోగులకు ఇచ్చే మందుల చీటీ మీద పని చేసింది అనుకోండి. అక్షరాలతో ఉన్న చీటీ ఒకటి, సూర్యుడు, చంద్రుడు, మాత్రల బొమ్మలతో ఉన్న చీటీ ఒకటి. ఏది ఇస్తే రోగులు మందులు ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో బాగా గుర్తుపెట్టుకుంటారని పరీక్షించింది. ఆమె మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది:

'ఆధునిక వైద్య వ్యవస్థలో రోగులకు సమాచారం అందించడం అత్యంత ప్రాముఖ్యత కలిగిన అంశం. మందుల వాడకంలో జరిగే పొరపాట్లు అనేక సమస్యలకు దారితీస్తున్నాయి. ఈ నేపథ్యంలో బొమ్మలతో కూడిన చీటీల పాత్రను ఈ పత్రం పరిశీలిస్తుంది. రోగుల నుంచి సమాచారం సేకరించబడి, గణాంక పద్ధతులతో విశ్లేషించబడింది. ఫలితాలు, వాటి ప్రాధాన్యం వివరించబడతాయి.'

చదవడానికి బాగానే ఉంది కదా? వ్యాకరణ దోషం కూడా లేదు. కానీ ఈ పేరాలో ఎవరు, ఎంతమంది, ఎంత, ఎలా అన్నవాటిలో ఒక్కదానికీ జవాబు లేదు. 'బొమ్మలతో కూడిన చీటీలు' అన్న మాట తీసేసి ఇంకేదైనా పెడితే ఇది వేరే పరిశోధనకు కూడా సరిపోతుంది. నేను నా విద్యార్థులకు ఇచ్చే పరీక్ష ఇదే. మీ అబ్‌స్ట్రాక్ట్‌లో ఏ వాక్యాన్ని పక్కవాడి అబ్‌స్ట్రాక్ట్‌లోకి మార్పు లేకుండా ఎత్తిపెట్టవచ్చో, ఆ వాక్యం కొట్టేయండి.

ఇప్పుడు అదే పని, ఇంకోలా:

'మందుల చీటీని చదవలేక రోగులు మోతాదు పొరబడుతున్నారు. బొమ్మల చీటీ ఈ పొరపాటును తగ్గిస్తుందా అని పరీక్షించాం. ఒక ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్తున్న 120 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, 60 మందికి అక్షరాల చీటీ, 60 మందికి బొమ్మల చీటీ ఇచ్చాం. వారం తర్వాత ఫోన్‌లో అడిగితే, బొమ్మల చీటీ అందుకున్నవారిలో 48 మంది (80 శాతం), అక్షరాల చీటీ అందుకున్నవారిలో 33 మంది (55 శాతం) మోతాదులన్నీ సరిగా చెప్పారు. తేడా 25 శాతం పాయింట్లు. 95 శాతం విశ్వాస అవధి 9 నుంచి 41. రోగులు చెప్పినదాన్నే లెక్కించాం, నిజంగా మందులు వేసుకున్నారా అన్నది చూడలేదు. ఖర్చు పెద్దగా పెరగకుండా చీటీని మార్చడం ద్వారా రోగుల అవగాహన పెంచవచ్చని ఈ ఫలితం సూచిస్తోంది.'

గమనించండి. ఇందులో గొప్పలు లేవు. ఒక పరిమితిని ఆమే స్వయంగా ఒప్పుకుంది కూడా. వినయం అంటే ఫలితాన్ని దాచడం కాదని, ఫలితం ఎంతవరకు నిలబడుతుందో చెప్పడమేనని నాకు ఇలాంటివి చదివాకే తెలిసింది. విశ్వాస అవధి అంటే, అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండవచ్చో చెప్పే అంచనా. ఇంకో సంగతి, శాతం ఒక్కటే ఇవ్వలేదు, ఎంతమందిలో ఎంతమందో ఇచ్చింది. ఐదుగురిలో నలుగురూ 80 శాతమే, ఐదు వందల మందిలో నాలుగు వందల మందీ 80 శాతమే. చదివేవాళ్లకు ఆ తేడా తెలియాలి.

వైద్య పత్రికలు ఈ సమస్యను చాలాకాలం క్రితమే గుర్తించాయి. 1987లో ఒక వైద్య పరిశోధకుల బృందం, అబ్‌స్ట్రాక్ట్‌ను ఉపశీర్షికలుగా విడగొట్టి రాయాలని ప్రతిపాదించింది. లక్ష్యం, పద్ధతి, ఎవరిని పరిశీలించారు, ఫలితం, ముగింపు ఇలా. ఇప్పుడు వైద్య రంగంలో అదే అలవాటు. మీ సదస్సు ఉపశీర్షికలు అడగకపోయినా, చిత్తుప్రతిలో మీరు పెట్టుకోండి. 'ఫలితం' అన్న గడి ఖాళీగా ఉంటే వెంటనే కళ్లకు కనబడుతుంది. పంపేముందు శీర్షికలు తీసేయండి.

సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం చదివేవాళ్లు 'మాకు అంకెలు ఉండవు కదా' అంటారు. ఉండవు, అవసరం కూడా లేదు. కానీ మీకు ఒక వాదన ఉంటుంది, ఉండాలి. 'ఫలానా కాలపు లేఖలలో స్త్రీల చిత్రణను పరిశీలిస్తాను' అన్నది వాదన కాదు, మీరు ఏ గదిలో కూర్చున్నారో చెప్పడం మాత్రమే. 'ఈ లేఖల్లో స్త్రీలు డబ్బు గురించి రాసిన చోట్ల భాష మారిపోతుంది, ఇంటి మాటలు పోయి లెక్కల మాటలు వస్తాయి, కాబట్టి వాళ్లు ఇంటి ఆర్థిక వ్యవహారాలు నడిపినవారే' అన్నది వాదన. దానితో ఎవరైనా విభేదించవచ్చు. విభేదించడానికి వీలున్న వాక్యం రాయగలిగారంటే మీ దగ్గర చెప్పాల్సింది ఉన్నట్టే. ఏ ఆధారాలు చూశారో, ఎన్ని లేఖలో, ఎక్కడ భద్రపరిచినవో ఒక్క వాక్యంలో చెప్పండి. చాలు.

భాష గురించి కొంచెంసేపు మాట్లాడతాను, ఇది నా మనసుకు దగ్గరైన విషయం. మనలో చాలామంది తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తాం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఇంగ్లీషులో నేరుగా రాయడానికి కూర్చుంటే, మనం చదివిన పత్రాల్లోని పడికట్టు మాటలే చేతికి వస్తాయి. మన ఆలోచన వెనక్కిపోతుంది. నేను చేసే పని ఇది: రాయడానికి ముందు, మన రంగం తెలియని ఒకరిని, అక్కనో స్నేహితుడినో, ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు నిమిషాల్లో తెలుగులో చెబుతాను. ఫోన్‌లో రికార్డ్ చేస్తాను. 'ఇంతకీ ఏం తేలింది?' అని వాళ్లు అడిగినప్పుడు నా నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం ఉంటుంది చూడండి, అదే అబ్‌స్ట్రాక్ట్‌కు గుండెకాయ. దాన్ని కాగితం మీద పెట్టి, దానికి ముందు రెండు మూడు వాక్యాలు, తర్వాత రెండు మూడు వాక్యాలు చేరుస్తాను. అబ్‌స్ట్రాక్ట్‌లో మొదట వచ్చే వాక్యంతో రాయడం ఎప్పుడూ మొదలుపెట్టను.

తెలుగులోనే రాసేవాళ్లకు ఒక మాట. 'చేయబడింది, సేకరించబడింది, నిరూపించబడింది' అని రాస్తే శాస్త్రీయంగా ఉంటుందనుకుంటాం. ఇంట్లో ఎవరూ 'అన్నం వండబడింది' అనరు. 'సేకరించాం, పోల్చాం, తేలింది' అని రాయండి. ఎవరు చేశారో తెలుస్తుంది, పదాలూ మిగులుతాయి. 250 పదాల్లో చెప్పాల్సినప్పుడు ఒక్కొక్క పదం విలువైనది.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. అబ్‌స్ట్రాక్ట్ గడువు సదస్సుకు చాలా నెలల ముందే ఉంటుంది. పని ఇంకా పూర్తికాదు. అప్పుడేం చేయాలి? 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నట్టు, రాని ఫలితాన్ని వచ్చినట్టు రాసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. చివరికి ఫలితం వేరుగా వస్తే, ఆమోదం పొందిన అబ్‌స్ట్రాక్ట్ మీ మెడకు చుట్టుకుంటుంది. డేటాను దానికి తగ్గట్టు వంచాలన్న ఒత్తిడి మీ మీద మీకే వస్తుంది. ఎంతవరకు వచ్చిందో అంతే చెప్పండి. 'అనుకున్న 200 ఇంటర్వ్యూలలో ఇప్పటికి 90 పూర్తయ్యాయి, వాటిలో ఇది కనిపిస్తోంది' అని రాయండి. పూర్తికాని పనికి చాలా సదస్సుల్లో విడిగా పోస్టర్ విభాగమో (పనిని గోడపత్రంగా పెట్టి, పక్కన నిలబడి వివరించే చోటు), కొనసాగుతున్న పరిశోధనల విభాగమో ఉంటుంది. దానికి పంపండి. అక్కడ నిలబడి పదిమందితో మాట్లాడితే వచ్చే సలహాలు పెద్ద వేదిక మీద పదిహేను నిమిషాలు మాట్లాడితే రావు.

అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న ప్రతి అంకె పత్రంలో కూడా ఉండాలి, అదే విలువతో ఉండాలి. ఇది చెప్పనక్కర్లేని మాటలా అనిపిస్తుంది. 1999లో జామా అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆరు ప్రముఖ వైద్య పత్రికల్లో అచ్చయిన వ్యాసాలను తీసుకుని అబ్‌స్ట్రాక్ట్‌లోని సమాచారాన్ని లోపలి సమాచారంతో పోల్చారు. లోపల లేనిదో, లోపలి దానితో పొసగనిదో ఏదో ఒకటి ఉన్న అబ్‌స్ట్రాక్ట్‌ల వాటా పత్రికను బట్టి 18 నుంచి 68 శాతం దాకా ఉంది. అంత జాగ్రత్తగా ఎడిట్ చేసే పత్రికల్లోనే అలా ఉంటే, గడువు రాత్రి పంపే మన పత్రాల సంగతి ఆలోచించండి. కారణం సులువే. అబ్‌స్ట్రాక్ట్ ముందు రాస్తాం, తర్వాత డేటాలో రెండు వరుసలు తీసేస్తాం, పట్టికలు మారతాయి, అబ్‌స్ట్రాక్ట్ మాత్రం పాతదే ఉంటుంది. పంపేముందు పత్రాన్ని ప్రింట్ తీసి, అబ్‌స్ట్రాక్ట్‌లోని ప్రతి అంకె కింద గీత గీసి, అది లోపల ఎక్కడుందో పేజీ నంబరు పక్కన రాయండి. ఇరవై నిమిషాల పని.

శీర్షిక, కీలక పదాలు, పేజీల సంఖ్య, అక్షరాల సైజు వీటి గురించి ఎక్కువ చెప్పను. సదస్సు ఇచ్చిన టెంప్లేట్ దింపుకుని అందులోనే రాయండి. చోటు చాలక మార్జిన్లు తగ్గించకండి. అలా చేస్తే కొన్ని సదస్సుల్లో సమీక్షకు పంపకుండానే పక్కన పెట్టేస్తారు. అబ్‌స్ట్రాక్ట్‌లో ఉటంకింపులు, పటాల ప్రస్తావన, విడమరచని పొడి అక్షరాలు వద్దు. ఎందుకంటే అది పత్రం నుంచి విడిపోయి, సదస్సు పుస్తకంలోనూ డేటాబేస్‌లలోనూ ఒంటరిగా తిరుగుతుంది. పత్రాలకు ఆహ్వానం పలికే ప్రకటనను మాత్రం రెండుసార్లు చదవండి. ఏ విభాగానికి పంపాలో అందులోనే తెలుస్తుంది. మంచి పత్రం తప్పు విభాగానికి వెళ్తే, దాని విలువ తెలిసిన మనిషి చేతికి అది చేరదు.

ఇక పూర్తి పత్రం. ఇక్కడ చాలామందికి ఉపోద్ఘాతం దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త 1990లో పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలు ఎలా నడుస్తాయో వివరిస్తూ మూడు అడుగులు చూపించాడు. మొదట ఈ రంగంలో ఇప్పటిదాకా ఏం తెలుసో చెబుతారు. తర్వాత అందులో ఎక్కడ ఖాళీ ఉందో చూపిస్తారు. చివర ఆ ఖాళీలో మనం ఏం పెడుతున్నామో చెబుతారు. నేను సమీక్షించిన పత్రాల్లో ఎక్కువగా కుంటిది రెండో అడుగే. 'ఫలానావారు ఇది చేశారు, ఫలానావారు అది చేశారు' అని వరసగా పదిహేను పనులు చెప్పి, ఒక్కసారిగా 'ఈ పత్రంలో మేము' అని మొదలవుతుంది. ఆ పదిహేను మందీ వదిలేసింది ఏమిటి? అది చెప్పకపోతే మీ పని ఎందుకు అవసరమో తెలియదు. 'దీని మీద ఎవరూ పని చేయలేదు' అన్నది కూడా చాలదు. ఎవరూ చేయకపోవడానికి అది అవసరం లేకపోవడమూ కారణం కావచ్చు. ఆ ఖాళీ వల్ల ఎవరికి ఏ ఇబ్బంది కలుగుతోందో చెప్పండి.

రాసే క్రమం గురించి నా సలహా: ముందు పటాలు, పట్టికలు చేయండి. వాటిని బల్ల మీద వరసగా పెట్టి చూస్తే పత్రం కథ అక్కడే కనిపిస్తుంది. ఆ తర్వాత ఫలితాలు, తర్వాత పద్ధతి, తర్వాత చర్చ, ఆ తర్వాతే ఉపోద్ఘాతం. పద్ధతి రాసేటప్పుడు, మీలాంటి ఇంకో పరిశోధకుడు మిమ్మల్ని ఫోన్ చేసి అడగకుండా అదే పని మళ్లీ చేయగలడా అని ఆలోచించండి. పరిమితులు చెప్పడానికి వెనుకాడకండి. మీరు చెప్పకపోయినా సమీక్షకుడు కనిపెడతాడు. మీరే చెబితే అది మీ నిజాయతీ, ఆయన కనిపెడితే అది మీ లోపం.

సమీక్షకులకు రచయితల పేర్లు తెలియకుండా చేసే పద్ధతి చాలా సదస్సుల్లో ఉంది. పేరు తీసేస్తే సరిపోదు. 'మా గత పరిశోధనలో చూపినట్టు' అని రాసి కింద మీ పేరుతో ఉన్న వ్యాసం ఇస్తే గుట్టు బయటపడ్డట్టే. మీ పాత పనిని కూడా మూడోమనిషి పనిలాగే ప్రస్తావించండి. కృతజ్ఞతల పేరా ఆమోదం వచ్చాక చేర్చండి. పీడీఎఫ్ ఫైల్ లోపలి వివరాల్లో మీ కంప్యూటర్ పెట్టిన పేరు దాక్కుని ఉంటుంది, అదీ చూసి తీసేయండి.

రచయితల పేర్ల విషయంలో చాలా మనసులు విరగడం చూశాను. ఒకసారి నేను ఎన్నో నెలలు పనిచేసిన పత్రంలో నా పేరు లేదని సదస్సు కార్యక్రమ పట్టిక చూశాకే తెలిసింది. ఎవరు చేశారన్నది ఇక్కడ అనవసరం. ఆ నొప్పి మాత్రం చాలాకాలం పోలేదు. అందుకే చెబుతున్నాను, పని మొదలైన రోజే పేర్లు, వాటి వరస మాట్లాడుకోండి, రాసిపెట్టుకోండి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో లోతుగా సరిదిద్దడంలోనో పాల్గొనాలి, చివరి ప్రతికి అంగీకారం తెలపాలి, అందులోని విషయాలకు జవాబుదారీగా ఉండాలి. నాలుగూ ఉంటేనే రచయిత. పెద్దవారన్న గౌరవంతో పేరు చేర్చడం, చిన్నవారన్న చులకనతో పేరు తీసేయడం, రెండూ తప్పే. సహరచయితలందరూ చివరి ప్రతి చదివి సరేనన్నాకే పంపండి.

కృత్రిమ మేధ పనిముట్ల గురించి అడుగుతారని తెలుసు కాబట్టి నేనే చెబుతాను. భాష సరిచేసుకోవడానికి వాడుకోవచ్చా అంటే, సదస్సు నియమాలు చూడండి. చాలాచోట్ల వాడినట్టు చెప్పమంటారు. దాన్ని రచయితగా పెట్టకూడదని ప్రచురణ నైతికత చూసే సంస్థ, కోప్ అంటారు, 2023లోనే స్పష్టం చేసింది, ఎందుకంటే అది దేనికీ జవాబుదారీ కాలేదు. నా భయం వేరే చోట ఉంది. ఇవి లేని వ్యాసాలను ఉన్నట్టుగా, రచయితల పేర్లతో, సంవత్సరంతో సహా సృష్టించి ఇస్తాయి. మీరు తెరిచి చదవని ఏ వ్యాసాన్నీ ఉటంకించకండి. ఒక్క దొంగ ఉటంకింపు దొరికితే, మిగతా పత్రంలో మీరు నిజాయతీగా చేసిన పని మీద కూడా అనుమానం పడుతుంది.

గడువు గురించి ఒక చిన్న మాట. చాలా సదస్సులు గడువును 'ఎనీవేర్ ఆన్ ఎర్త్' సమయంలో ఇస్తాయి. అంటే భూమ్మీద ఎక్కడో ఒకచోట ఇంకా ఆ తేదీ ఉన్నంతవరకు పంపవచ్చు. గ్రీనిచ్ సమయానికి అది 12 గంటలు వెనక. కొన్ని సదస్సులు తమ ఊరి సమయం ఇస్తాయి. నా విద్యార్థి ఒకరు ఈ రెంటికీ తేడా గమనించక, పూర్తయిన పత్రాన్ని చేతిలో పెట్టుకుని, పోర్టల్ మూసేశాక కూర్చుని ఏడ్చాడు. గడువును మీ గడియారంలోకి మార్చి గోడ మీద రాసుకోండి. అసంపూర్ణమైన ప్రతినైనా రెండు రోజుల ముందే అప్‌లోడ్ చేయండి. చాలా పోర్టళ్లలో గడువు దాకా మార్చుకోవచ్చు.

తిరస్కరణ గురించి చెప్పకుండా ముగించలేను. న్యూరిప్స్ అనే పెద్ద కంప్యూటర్ సైన్స్ సదస్సులో 2014లో ఒక ప్రయోగం చేశారు. 166 పత్రాలను ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు కమిటీలకు ఇచ్చారు. 43 పత్రాల విషయంలో రెండు కమిటీల నిర్ణయాలూ కలవలేదు. ఒక కమిటీ ఎంచుకున్న పత్రాల్లో దాదాపు సగాన్ని రెండో కమిటీ వద్దంది. బాగా బలహీనమైన పత్రాలను రెండూ తిరస్కరించాయి, కానీ మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఎవరి చేతిలో పడ్డాయన్నది చాలా తేడా తెచ్చింది. కాబట్టి ఒక తిరస్కరణ మీ పని మీద తీర్పు అనుకోకండి. కానీ సమీక్షను చించి అవతల పారేయకండి కూడా. ఒక రోజు ఆగి మళ్లీ చదవండి. సమీక్షకుడు అర్థం చేసుకోలేదని మీకు అనిపించిన ప్రతిచోటా, అలా అర్థం కావడానికి మీ వాక్యంలో ఏం ఉందో వెతకండి. నా మొదటి అబ్‌స్ట్రాక్ట్‌ను మళ్లీ రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మార్చింది ఒక్కటే, ఫలితాన్ని నాలుగో వాక్యంలోకి తెచ్చాను. ఇంకో సదస్సు తీసుకుంది.

ఇక మీరు అడగండి.

ప్రశ్న: ఆమోదం వచ్చి, సదస్సులో చదివేశాక పని అయిపోయినట్టేనా?

చాలామందికి అక్కడే అయిపోతుంది, అదే బాధ. సదస్సుల్లో అబ్‌స్ట్రాక్ట్‌లుగా వచ్చిన పరిశోధనలు తర్వాత పూర్తి వ్యాసాలుగా అచ్చయ్యాయా అని, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో ఒక పెద్ద సమీక్ష వెలువరించింది. 425 నివేదికల్లోని మూడు లక్షలకు పైగా అబ్‌స్ట్రాక్ట్‌లను చూస్తే, 37 శాతమే పూర్తి వ్యాసాలయ్యాయి. మిగతావాటి సంగతి ఎవరికీ తెలియదు. అనుకూలమైన ఫలితం వచ్చినవే ఎక్కువగా అచ్చవుతున్నాయని కూడా తేలింది. అంటే 'ఈ మందు పనిచేయలేదు' అన్న సమాచారం ఎక్కడో మరుగున పడిపోతోంది, ఇంకొకరు అదే పని మళ్లీ చేస్తున్నారు. సదస్సులో వచ్చిన ప్రశ్నలను ఆ రాత్రే రాసిపెట్టుకోండి. జర్నల్‌కు పంపేటప్పుడు సగం మెరుగులు అక్కడి నుంచే వస్తాయి. ముందు సదస్సులో చదివిన సంగతి జర్నల్‌కు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: ఒకే పత్రాన్ని రెండు సదస్సులకు ఒకేసారి పంపవచ్చా? ఎక్కడో ఒకచోట వస్తుంది కదా.

సమీక్షలో ఉండగా పూర్తి పత్రాన్ని రెండుచోట్ల ఉంచడం దాదాపు అన్నిచోట్లా నిషిద్ధం. దొరికితే రెండుచోట్లా పోతుంది. చిన్న అబ్‌స్ట్రాక్ట్‌ల విషయంలో కొన్ని రంగాల్లో నియమాలు కొంచెం సడలుగా ఉంటాయి, నిర్వాహకులకు ఒక మెయిల్ రాసి అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా.

ప్రశ్న: నాకు ఎప్పుడూ వినని సదస్సుల నుంచి రోజూ ఆహ్వానాలు వస్తున్నాయి. 'మీ గొప్ప పరిశోధన చూశాం, వక్తగా రండి' అంటారు. నేను ఇంకా ఒక్క పత్రం కూడా రాయలేదు.

మీ జవాబు మీ ప్రశ్నలోనే ఉందమ్మా. రాయని పత్రాన్ని వాళ్లెలా చూశారు? కార్యక్రమ కమిటీలో ఎవరున్నారో చూడండి, అందులో ఇద్దరికి మెయిల్ రాసి నిజంగా ఉన్నారా అని అడగండి. గత ఏడాది పత్రాలు ఎక్కడ అచ్చయ్యాయో వెతకండి. ఒకే సదస్సులో వైద్యం, ఇంజినీరింగ్, సాహిత్యం, వ్యాపారం అన్నీ ఉండి, రెండు రోజుల్లో ఆమోదం ఇచ్చి, వెంటనే ఫీజు కట్టమంటే వెళ్లకండి. 2005లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ముగ్గురు కంప్యూటర్ ప్రోగ్రాం రాసిన అర్థంలేని పత్రాన్ని ఒక సదస్సుకు పంపితే ఆమోదించారు. చదవకుండా తీసుకునేవాళ్ల దగ్గర మీ పేరు ఉండటం వల్ల మీకు వచ్చేది ఏమీ లేదు, డబ్బు పోవడమే కాకుండా ఆ పని మళ్లీ మంచి చోటికి పంపే అవకాశం కూడా పోతుంది. మీ గైడ్‌ను అడగండి, మీ రంగంలో మీరు ఇష్టంగా చదివే వ్యాసాలు రాసినవాళ్లు ఏ సదస్సులకు వెళ్తున్నారో చూడండి. అక్కడికి పంపండి.

ప్రశ్న: నా ఫలితం ప్రతికూలంగా వచ్చింది. అనుకున్నది జరగలేదు. అయినా పంపనా?

పంపండి. ఎంతమందిని పరిశీలించారో, ఎంత తేడా ఉంటే పట్టుకోగలిగే పరీక్షో చెప్పి, ఆ తేడా కనిపించలేదని సూటిగా రాయండి. 'ఆశించిన స్థాయిలో లేకపోయినా కొంత మెరుగుదల కనిపించింది' అని దాన్ని రంగు పూసి పంపకండి. మీ చిత్తుప్రతి ఇప్పుడు మీ దగ్గర ఉంటే, టీ విరామంలో నా దగ్గరకు తీసుకురండి. ఫలితం ఉన్న వాక్యం ఎక్కడుందో ఇద్దరం కలిసి చూద్దాం.